సాలగ్రామము, చేపబల్లి, మన ఋషికుల్య తాబేలు

తాతల నాటి నుంచి బరంపురంలోను, చుట్టుపట్ల ఊళ్ళలోను స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో చాలామంది ఇండ్లలో దేవతార్చన పెట్టె ఉన్నది. ఆ పెట్టెలో ఒక సాలగ్రామమైనా ఉంటుంది. నల్లగా, నున్నగా ఉండే ఆ రాతికి అభిషేకం చేసి, తులసిదళం పెట్టి, తీర్థం పుచ్చుకోవడం మనకు తరతరాల ఆచారము. రాతిలోపల చుట్టలు చుట్టుకొని కనిపించే గుర్తును పెద్దలు విష్ణుచక్రమంటారు. భక్తునికి అది చక్రమే. దానికి అడ్డు చెప్పడం మా ఉద్దేశం కాదు. అయితే భూగర్భశాస్త్రము చదివినవారు అదే రాతిని గురించి మరొక సంగతి చెబుతారు. అది విన్నందువల్ల భక్తి తగ్గదు సరికదా, ఆశ్చర్యం పెరుగుతుంది.

సాలగ్రామాలు నేపాళ దేశంలోని గండకీ నదిలో దొరుకుతాయని అందరికీ తెలిసినదే. ఆ చుట్టలు ఒకప్పుడు సముద్రంలో బ్రతికిన అమ్మొనైటు అనే జీవి పెంకు గుర్తులు. నత్తగుల్లవలె చుట్టుకొన్న ఇంటిలో ఉంటూ నీటిలో ఈదే ప్రాణి అది. చచ్చి బురదలో కూరుకుపోగా, ఆ బురద కోట్ల ఏండ్లకు రాయి అయినది. మరి హిమాలయాలలో సముద్రపు జీవి ఎట్లా వచ్చినదని పిల్లలు అడుగుతారు. జవాబు చిన్నదే. ఇప్పుడు హిమాలయాలున్నచోట ఆనాడు పర్వతాలు లేవు, టెథిస్ అనే సముద్రము ఉండేది. మన దేశపు నేల మెల్లగా ఉత్తరానికి జరిగి ఆసియా ఖండాన్ని ఒత్తగా, సముద్రపు అడుగు ముడతలు పడి పైకి లేచినది. ఆ ముడతలే హిమాలయాలు.

ఇంతవరకు చాలామంది విన్నదే. ఈ అమ్మొనైటులను కరకర నమిలి తినే జంతువొకటి ఆ సముద్రాలలో ఉండేదన్న సంగతి, దాని అస్థిపంజరము మన దేశంలోనే దొరికినదన్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు.

చేపా, బల్లా?

ఆ జంతువు పేరు ఇక్థియోసారు. గ్రీకు భాషలో ఇక్థిస్ అంటే చేప, సారస్ అంటే బల్లి. మన భాషలో చేపబల్లి అనుకోవచ్చును. ఆకారం చూస్తే అచ్చంగా చేప. వీపుమీద రెక్క, నిలువుగా చీలిన తోక, సన్నని పొడుగాటి మూతి. లోపలి ఎముకల నిర్మాణము మాత్రం బల్లి, మొసలి జాతులకు చెందిన సరీసృపానిది. దీని పూర్వీకులు నేలమీద తిరిగిన జంతువులు. అవి తిరిగి నీటిలోకి దిగి, కాళ్ళు తెడ్లుగా మారి, సముద్రానికే అలవాటు పడిపోయినవి. సుమారు 25 కోట్ల సంవత్సరాల నాడు మొదలైన ఈ జాతి 9 కోట్ల సంవత్సరాల క్రిందటి వరకు బ్రతికినది.

తిమింగలానికీ దీనికీ చుట్టరికము లేదు. తిమింగలము మనవలె పాలిచ్చి పెంచే జంతువు. దాని తోక అడ్డంగా పరచి ఉంటుంది, పైకీ క్రిందికీ కొడుతుంది. చేపబల్లి తోక నిలువుగా ఉండి, చేపతోకవలె కుడిఎడమలకు ఊగుతుంది. అయితే ఒక పోలిక ఉన్నది. రెండింటికీ మొప్పలు లేవు. ఎంత లోతుకు పోయినా ఊపిరి పీల్చుకోవడానికి నీటి పైకి రావలసినదే. ఈ ముక్కను పాఠకులు గుర్తుంచుకోవాలి. దీనితో ముందు పని ఉన్నది.

మరొక వింత. ఈ జంతువు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చేది కాదు, నీటిలోనే పిల్లలను కనేది. జర్మనీ దేశంలో హోల్జ్‌మాడెన్ అనే చోట కడుపులో పిల్లలతో సహా రాయిగా మారిన తల్లుల అస్థిపంజరాలు దొరికినవి. అటువంటి రాతిపలకను చూచిన తరువాత ఇక సందేహానికి తావులేదు. కండ్లు కూడా పెద్దవి. కొన్ని జాతులలో కన్ను వెడల్పు 25 సెంటీమీటర్లకు పైమాట, అంటే మనము అన్నం తినే పళ్ళెమంత. లోతు నీటి చీకటిలో వేటాడడానికి అంత కన్ను కావలసివచ్చినది.

కచ్ఛ్ ఎడారిలో దొరికినది

గుజరాతులోని కచ్ఛ్ జిల్లాలో భుజ్ పట్టణానికి ఈశాన్యంగా లోడాయి అనే గ్రామమున్నది. అక్కడి రాళ్ళలో ఈ జంతువు అస్థిపంజరము ఒకటి దాదాపు పూర్తిగా బయటపడినది. ఢిల్లీ విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర శాఖలోని ఆచార్య గుంటుపల్లి ప్రసాద్ గారు, మరికొందరు భారతీయ, జర్మను శాస్త్రజ్ఞులు కలిసి దీనిని పరిశీలించి 2017 అక్టోబరులో లోకానికి వెల్లడించారు. ఇంటిపేరు చూడగానే తెలుగు పాఠకులకు సంతోషం కలగడం సహజము. 1988లో ఇప్పటి తెలంగాణలోని నస్కల్ గ్రామం వద్ద, రాక్షసబల్లుల కాలంలో బ్రతికిన చిన్న పాలిచ్చే జంతువు పండ్లను గుర్తించి, అశోక్ సాహ్నీ గారితో కలిసి ప్రకటించినదీ ఈయనే.

కచ్ఛ్ జంతువు పొడవు సుమారు 5.5 మీటర్లు, అనగా 18 అడుగులు. అది బ్రతికిన కాలము ఇప్పటికి 15 కోట్ల సంవత్సరాల క్రిందట. రాయి బహు గట్టిది. తవ్వి తీయడానికి మనుషుల పనిగంటలు లెక్కవేస్తే 1500 దాకా పట్టినదని చెబుతారు. మేము ఆఫీసులో కాగితాలు త్రిప్పే గుమాస్తాలము. ఆ లెక్కను మా భాషలోకి మార్చుకొంటే, రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఒక్క మనిషి ఆరు నెలలకు పైగా ఒక్క బొమికల గూడు దగ్గరే కూర్చోవాలి. ఆ ఓర్పుకు చేతులెత్తి నమస్కరించవలసినదే.

దాని పండ్ల అరుగుదలను చూచి అది ఏమి తినేదో కూడా ఊహించగలిగారు. మెత్తని తిండి తినే జంతువు పండ్లు అట్లా అరగవు. పెంకు గల జీవులను, గట్టి పొలుసుల చేపలను అది కొరికి నమిలేదన్నమాట. అమ్మొనైటులు కూడా అందులో ఉండవచ్చును. దేవుడి పెట్టెలోని సాలగ్రామానికీ, లోడాయి రాతిలోని జంతువుకూ ఉన్న సంబంధము ఇదే. రెండూ ఇంచుమించు ఒకే యుగానివి.

మరి మన గంజాం తీరంలోనో?

ఇక్కడ పాఠకులకు ఒక ప్రశ్న తట్టకమానదు. గోపాలపురం సముద్రం మన గుమ్మంలో ఉన్నది. గంజాం కొండలు తవ్వితే మనకూ ఒక చేపబల్లి దొరకదా అని. దొరకదు. ఎందుకు దొరకదో తెలిస్తే, దొరికినదానికంటె ఎక్కువ వింతగా ఉంటుంది.

మన తూర్పు కనుమలలో ఎక్కువగా ఉండే రాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఖోండలైటు. ఈ కొండలలో కాపురముండే ఖోండు జాతివారి పేరుమీదుగా 1902లో వాకర్ అనే ఆయన ఆ పేరు పెట్టాడు. ప్రపంచంలో ఏ మూల ఆ జాతి రాయి దొరికినా మన కొండవాసుల పేరుతోనే పిలుస్తారు. కోణార్క దేవాలయము కట్టినది ఈ రాతితోనే. అది సుమారు 100 కోట్ల సంవత్సరాల నాడు భూమి లోతులలో విపరీతమైన వేడికి ఉడికి తయారైన రాయి. అప్పటికి ఎముకలున్న ప్రాణి ఏదీ భూమిమీద పుట్టనే లేదు. పుట్టని ప్రాణి బొమికలు రాతిలో ఎట్లా ఉంటాయి? ఆ కొండలు అరిగి, వాన నీటితో నదులలోకి కొట్టుకువచ్చిన ముక్కలే ఛత్రపురం తీరపు ఇసుకలో గార్నెట్టు మొదలైన బరువైన ఖనిజాలుగా కనిపిస్తాయి.

ఇంకొక కారణము ఉన్నది. లోడాయి జంతువు కచ్ఛ్ నీటిలో ఈదుతున్న కాలంలో మన గంజాంకు తూర్పున సముద్రమే లేదు. బంగాళాఖాతము అప్పటికి పుట్టలేదు. మన తీరానికి ఆనుకొని ఉన్నది అంటార్కిటికా ఖండము. ఇప్పుడు నిలువెత్తు మంచు క్రింద పడి ఉన్న ఆ నేల ఆనాడు మనకు ఇరుగుపొరుగు. తూర్పు కనుమల రాళ్ళకు సరిజోడు రాళ్ళు అక్కడ నేటికీ ఉన్నవి. ఒక గుడ్డను చింపితే రెండు ముక్కల అంచులూ కలిసినట్లు అవి కలుస్తాయి. సుమారు 13 కోట్ల సంవత్సరాల నాడు రెండు నేలలూ విడిపోసాగినవి. మధ్య పడిన సందులోకి నీరు వచ్చి చేరినది. అట్లా పుట్టినదే మన సముద్రము.

కొత్త సముద్రం ఏర్పడిన తరువాత చేపబల్లులు ఈ వైపుకూ వచ్చినవి. దానికి సాక్ష్యము తమిళదేశంలో తిరుచిరాపల్లి ప్రాంతంలో దొరికిన వెన్నుపూసలు. 1879లో లిడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు వాటిని వర్ణించి భారతదేశం పేరు కలిసేటట్లు నామకరణం చేశాడు. అవి కచ్ఛ్ జంతువుకంటె తరువాతి కాలానివి. తూర్పు తీరాన చేపబల్లులు తిరిగినవన్న మాట అందువల్ల ఒట్టి కల్పన కాదు.

హైదరాబాదు వెళ్ళినవారు బిర్లా విజ్ఞాన కేంద్రంలో ఒక పెద్ద అస్థిపంజరాన్ని చూచి ఉంటారు. అది గోదావరి లోయలో యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్. 1988లో యాదగిరి గారు దానికి ఆ పేరు పెట్టారు. అది నేలమీద ఆకులలములు తిని బ్రతికిన రాక్షసబల్లి, సముద్రజీవి కాదు. పిల్లలు రెండింటినీ ఒకటిగా అనుకొంటారు గనుక ఈ మాట చెప్పవలసివచ్చినది.

పిల్లల కండ్లు చురుకైనవి

ఇటువంటి జంతువులను మొదట కనిపెట్టినది పెద్ద చదువులు చదివినవారే అనుకొంటే పొరపాటు. ఇంగ్లండులో లైమ్ రీజిస్ అనే సముద్రతీరపు ఊళ్ళో ఒక వడ్రంగి ఉండేవాడు. ఆయన 1810లో అప్పులు మిగిల్చి చనిపోయాడు. 1811లో ఆయన కొడుకు జోసెఫ్ కొండచరియలో ఒక వింత తలపుర్రెను చూచాడు. మరుసటి ఏడు చెల్లెలు మేరీ ఆనింగ్ మిగిలిన ఒడలంతా కనిపెట్టినది. అప్పటికి ఆమెకు పన్నెండేండ్లు. ఆ పిల్లే తరువాత ఎన్నో సముద్రపు సరీసృపాలను వెలికితీసినది. రాళ్ళు ఏరి అమ్మి ఇల్లు గడుపుకొన్న ఆ ఆడపిల్లకు బ్రతికి ఉండగా రావలసిన పేరు రాలేదు. ఆమె తీసిన ఎముకలమీద వ్యాసాలు వ్రాసిన పెద్దమనుషులలో కొందరు ఆమె పేరైనా ఎత్తలేదు.

ఆ ముచ్చట అక్కడితో ఆగలేదు. 2020లో అదే దేశంలో సోమర్‌సెట్ తీరాన రూబీ రేనాల్డ్స్ అనే పదకొండేండ్ల పిల్ల, తండ్రితో షికారు పోతూ ఒక పెద్ద ఎముక ముక్కను చూచినది. అది చేపబల్లి దవడ ముక్క. శాస్త్రజ్ఞులు 2024లో దానిని కొత్త జాతిగా ప్రకటించారు. ఆ జంతువు పొడవు 25 మీటర్ల వరకు ఉండవచ్చునని అంచనా. ఈసారి పరిశోధన పత్రంలో ఆ పిల్ల పేరు, ఆమె తండ్రి పేరు కూడా చేర్చారు. రెండు వందల ఏండ్లలో లోకం ఆ మాత్రం మెరుగైనది.

పోయినవారు, ఉన్నవారు

చేపబల్లులు 9 కోట్ల ఏండ్ల నాడు అంతరించినవి. వాటి తరువాత పొడుగు మెడల ప్లీసియోసార్లు, పెద్ద కోరల మోససార్లు సముద్రాలను ఏలినవి. 6.6 కోట్ల ఏండ్ల నాడు ఆకాశం నుంచి ఒక పెద్ద ఉల్క పడి, రాక్షసబల్లులతోపాటు అవి కూడా నశించినవి. ఆ మహాసముద్రాలలోని సరీసృపాలలో ఒక జాతివారు ఆ ప్రళయాన్ని దాటుకొని నేటిదాకా వచ్చారు. అవి సముద్రపు తాబేళ్ళు.

తాబేళ్ళు చేపబల్లుల సంతానము కావు. కాని ఒకే సముద్రంలో కాపురమున్న ఇరుగుపొరుగువి. వాటిలోనూ ఒకప్పుడు మహాకాయాలుండేవి. 1895లో అమెరికాలోని దక్షిణ డకోటాలో దొరికిన ఆర్కెలాన్ అనే తాబేలు పొడవు 15 అడుగులు. ఇప్పుడు మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు రెండు అడుగులకు కొంచెం ఎక్కువ, బరువు 40 కిలోల ప్రాంతము. వంశం చిన్నబోయినా నిలిచినది. మన పెద్దలు కూర్మానికి దశావతారాలలో రెండవ స్థానమిచ్చి, శ్రీకూర్మంలో గుడి కట్టి పూజించారు. ఎన్ని ప్రళయాలు వచ్చినా మునగని వీపు అది.

చేపబల్లి నీటిలోనే పిల్లలను కనేదని ముందు వ్రాశాము. దానికి ఒడ్డుతో పనిలేదు. తాబేలు అట్లా కాదు. ఎన్ని కోట్ల ఏండ్లు సముద్రంలో గడిపినా గుడ్లు పెట్టడానికి ఇసుక ఒడ్డే కావాలి. ఆ ఒడ్డు మనది. ఇక్కడే ఈ కథ మన ఇంటి వ్యవహారమవుతుంది.

గంజాం ఊరికి దగ్గరగా, పురునబంధ, గోఖరకుద, పోదంపేట పల్లెల ప్రక్కన ఋషికుల్య నది సముద్రంలో కలుస్తుంది. చలికాలం చివర, సాధారణంగా ఫిబ్రవరి మార్చి నెలలలో, వేలకు వేలు, లక్షలకు లక్షలు ఆడ తాబేళ్ళు ఒకేసారి ఇక్కడ ఒడ్డెక్కుతాయి. శాస్త్రజ్ఞులు 1994లో దీనిని గుర్తించారు. ప్రపంచం మొత్తంమీద ఇంత పెద్ద రాక మెక్సికో, కోస్టారికాల వంటి ఏ కొద్ది చోట్లనో తప్ప కానరాదు. 2023లో ఋషికుల్య వద్ద 6.37 లక్షలు, 2025లో దాదాపు 7 లక్షలు తాబేళ్ళు గుడ్లు పెట్టినట్లు అటవీశాఖవారు లెక్క కట్టారు. కొన్ని సంవత్సరాలు అవి రానే రావు. వచ్చిననాడు ఒక్కొక్కటి ఇసుకలో గొయ్యి తవ్వి, నూరుకు పైగా గుడ్లు పెట్టి, గొయ్యి కప్పి, వెనుదిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. 45 నుంచి 60 రోజులలో పిల్లలు బయటపడతాయి. ఇసుక వేడినిబట్టి ఆడదో మగదో నిర్ణయమవుతుంది. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి.

రాత్రి పుట్టిన పిల్ల వెలుతురున్న వైపు నడుస్తుంది. కోట్ల ఏండ్లుగా రాత్రివేళ తీరాన వెలుతురున్నది సముద్రంమీదనే. ఇప్పుడు ఊళ్ళలోను, రోడ్లమీదను, కార్ఖానాలలోను విద్యుద్దీపాలు వెలుగుతున్నవి. పిల్లలు సముద్రమనుకొని ఊరివైపు నడిచి, కుక్కల పాలై, ఎండకు మాడి చస్తాయి. ఉల్కకు చావని వంశము ఒక వీధిదీపానికి చావడమంటే మనకు సిగ్గుచేటు.

ఇక వలల సంగతి. తాబేలుకూ మొప్పలు లేవు. ఊపిరికి పైకి రావలసినదే. పెద్ద మరపడవల ట్రాలు వలలో గంటల తరబడి చిక్కుకొంటే నీటిలో ఉండే ప్రాణి నీటిలోనే మునిగి చచ్చిపోతుంది. అందుకే ఒడిశా ప్రభుత్వము ధామ్రా, దేవి, ఋషికుల్య నదీముఖాల వద్ద ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరానికి 20 కిలోమీటర్ల మేర చేపలవేట నిషేధిస్తున్నది. తాబేలు తప్పించుకుపోయే కిటికీ అమర్చిన వలలు కూడా ఉన్నవి. అవి వాడితే చేప నిలుస్తుంది, తాబేలు పోతుంది.

అయితే నిషేధమన్న మాట వ్రాయడం సులువు, దానితో బ్రతకడం కష్టము. ఈ తీరాన చేపలుపట్టి జీవించేవారిలో చాలామంది తెలుగు మాట్లాడే మనవారే. ఒడియావారు వారిని నోలియాలంటారు. 1936లో గంజాం ఒడిశాలో కలిసిన తరువాత కూడా ఇంట్లో తెలుగు విడువనివారు. బరంపురంలో ఉండే మనకు వారితో రాకపోకలు తక్కువ. ఒకసారి తీరాన వల బాగుచేసుకొంటున్న ఒక పెద్దాయనను తాబేళ్ళ సంగతి అడిగాము.

"వల్లో పడితే వల సిరిగిపోతాది బాబూ. అయినా కోసి వదిలేస్తాం. అది గంగమ్మ తల్లి బిడ్డ. సంపితే మాకు మంచిది కాదు" అన్నాడాయన. ఒక నిమిషం ఆగి, "తాబేలుని సూడ్డానికి ఎక్కడెక్కడోళ్ళూ వస్తారు. ఏడు నెల్లు మా పొయ్యి సంగతి సూడ్డానికి ఎవులూ రారు" అని మళ్ళీ వల అందుకొన్నాడు.

ఆ మాటకు మేము సమాధానం చెప్పలేకపోయాము. తాబేలును కాపాడడమంటే దానికోసం వేట మానుకొన్నవాని పొయ్యిని కూడా కాపాడడమే. సముద్రపు కోతకు పోదంపేటవారు ఇండ్లు వదలుకొని పోవలసివచ్చినది. తాబేలుకు కావలసిన ఇసుకా, వారికి కావలసిన ఇసుకా ఒకటే. ఒకరికి ఒడ్డు లేకపోతే రెండవవారికీ ఉండదు.

మన సంఘసభ్యులకు మా మనవి కొద్దిపాటిది. గుడ్లుపెట్టే రోజులలో పిల్లలను తీసుకొని ఋషికుల్యకు తప్పక వెళ్ళండి. అటవీశాఖవారు చెప్పినచోటే నిలబడండి. టార్చిలైటు, సెల్‌ఫోను వెలుతురు తాబేళ్ళ మొగాన వేయవద్దు. తెచ్చిన పొట్లాల కాగితాలు, ప్లాస్టిక్ సంచులు తిరిగి ఇంటికి తెండి. అక్కడ కావలి కాసే పల్లెల యువకులను పలకరించండి. వారితో తెలుగులో నాలుగు మాటలు మాట్లాడండి. వేట నిషేధ కాలంలో ఆ పల్లెల పిల్లల ఫీజులకో, పుస్తకాలకో సంఘం తరఫున ఏమైనా చేయగలమేమో కార్యవర్గంవారు ఆలోచించగోరుతాము.

చేపబల్లిని ఇక ఎవ్వరమూ చూడలేము. దానికి మిగిలినది లోడాయి రాయి. తాబేలును మాత్రం మనము చూడగలము, మన మనుమలు చూడాలంటే ఆ ఇసుక మేర చీకటిగా, శుభ్రంగా ఉండనివ్వాలి.